స్కూలుకు పెంపుడు తాబేలు, పాము తీసుకెళ్లొచ్చా? హన్మకొండ తల్లిదండ్రులు, టీచర్లు చెప్పండి

వడ్డేపల్లి వాసి (హన్మకొండ), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బాబు నాలుగో తరగతి. వచ్చే శనివారం నో బ్యాగ్ డే, వాళ్ల క్లాసులో షో అండ్ టెల్ పెట్టారు. ఇంట్లో తనకు ఇష్టమైనది ఏదైనా తెచ్చి దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మా వాడు అక్వేరియం షాపులో కొన్న తాబేలు పిల్లను తీసుకెళ్తానని పట్టుబట్టాడు. కళ్ల వెనుక ఎర్ర గీత ఉండే రకం. వాడి ఫ్రెండ్ వాళ్లింట్లో నక్షత్ర తాబేలు ఉందట, ఇంటికి కలిసొస్తుందని ఎవరో బంధువులు ఇచ్చారట. వాడు దాన్ని తెస్తానంటున్నాడు. ఇంకో పిల్లవాడి బాబాయి దగ్గర పెంపుడు కొండచిలువ ఉంది, ఆయనే స్వయంగా తెచ్చి చూపిస్తానన్నారు.

టీచర్ ఉత్సాహంగా ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో మాత్రం తల్లిదండ్రులు రెండు వర్గాలైపోయారు. నాకు పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని లేదు, అలాగని ఎవరికైనా ఏమైనా అయితే అన్న టెన్షన్ కూడా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ములుగు బయాలజీ టీచర్, సోమవారం రాత్రి 10:15

ముందుగా ఒక్క మాట సార్. నక్షత్ర తాబేలు విషయం మిగతా రెండింటితో కలపకండి. దాన్ని స్కూలుకు తేవడం సంగతి తర్వాత, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఆ తల్లిదండ్రులకు ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. గ్రూపులో ఫొటోలు పెట్టకముందే తెలియడం వాళ్లకే మంచిది.

ఇక పిల్లలకు సరీసృపాల గురించి చెప్పాలన్న ఆలోచన చాలా మంచిది, దాన్ని వదలకండి. మా స్కూల్లో తొండ కనిపిస్తే రాయి తీసే పిల్లలే ఎక్కువ. మగ తొండకు జత కట్టే కాలంలో తల, గొంతు ఎర్రబడతాయి. అది మన రక్తం పీలుస్తోందని ఊళ్లో పెద్దవాళ్లే పిల్లలకు చెప్తారు. అందుకే రాళ్లు.

అడవిబాట (ఏటూరునాగారం), మంగళవారం ఉదయం 6:20

అటవీశాఖలో పనిచేసి రిటైర్ అయినవాణ్ని. టీచరమ్మ చెప్పింది నిజం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు నక్షత్ర తాబేలు నాలుగో షెడ్యూల్‌లో ఉండేది. ఇప్పుడు ఒకటో షెడ్యూల్, అంటే పులి ఉన్న జాబితా. ఒకటో షెడ్యూల్ నేరానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. "మేం కొనలేదు, ఎవరో ఇచ్చారు" అంటే చట్టం ఒప్పుకోదు. ఉడుము, మన దేశపు కొండచిలువ కూడా అంతే. ఇంట్లో పంజరంలో ఉండే రామచిలుక కూడా చట్టం రక్షణలో ఉన్నదే, ఇది చాలామందికి తెలియదు.

వాళ్లను దగ్గరలోని అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లి విషయం చెప్పి అప్పగించమనండి. తెలిసిన వకీలు ఉంటే వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. భయపడి రాత్రిపూట ఏ గుట్టల్లోనో వదిలిపెట్టొద్దని గట్టిగా చెప్పండి. అది రాయలసీమ, తమిళనాడు, గుజరాత్ వైపు ముళ్లపొదల్లో బతికే జీవి. ఇళ్లలో పెరిగినది రోగాలు మోసుకెళ్తుంది, పైగా తిండి వెతుక్కోవడం దానికి రాదు.

ఇంకొకటి. కొన్ని స్కూళ్లలో పాములు పట్టేవాళ్లను పిలిచి నాగుపామును స్టేజీ మీద ఆడిస్తున్నారు. ఇళ్లలో పట్టిన పామును వెంటనే అడవిలో వదలాలి. ప్రదర్శనలు ఇవ్వడానికి ఎవరికీ హక్కు లేదు.

ఓరుగల్లు పైథాన్ (కాజీపేట), మంగళవారం ఉదయం 8:05

నేను బాల్ పైథాన్ పెంచుతాను. పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము, విషం లేదు. మన కొండచిలువ వేరు, ఇది వేరు. సైటిస్ (ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జీవి కాబట్టి 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాను, కాగితాలన్నీ ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో పిల్లలు వచ్చి చూస్తారు. మొదటిరోజు గోడకు అంటుకుని నిలబడ్డ పిల్ల, వారానికి అద్దం దగ్గర కూర్చుని "అంకుల్, ఇది నాలుక ఎందుకు చాపుతోంది" అని అడిగింది. వాసన రేణువులను నాలుకతో పట్టి అంగిట్లో ఉన్న జాకబ్‌సన్ అవయవానికి అందిస్తుందని చెప్తే నోరు తెరిచి వింది. ఏ పుస్తకంతో ఆ శ్రద్ధ వస్తుంది?

పాము కనిపిస్తే కర్ర కోసం పరుగెత్తే ఊళ్లు మనవి. విషం లేని జెర్రిపోతును, నీరుకట్టును కూడా కొట్టి చంపి తోక పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ జెర్రిపోతు పొలంలో ఎన్ని ఎలుకలను తింటుందో ఆలోచించరు. ఈ భయం చిన్నప్పుడే పోవాలి. అందుకే స్కూళ్లు పిలిస్తే నేను వెళ్లాలనే అనుకుంటాను. ఎవరినీ తాకనివ్వను, తాళం వేసిన అద్దాల పెట్టెలోనే ఉంచుతాను. ఇలా జాగ్రత్తగా చేస్తే తప్పేముంది?

పిల్లల డాక్టర్ (హన్మకొండ), మంగళవారం మధ్యాహ్నం 2:30

ఎర్ర గీత తాబేలు గురించి చెప్తాను, ఎందుకంటే అందరూ దాన్నే ఏ ప్రమాదం లేని ప్రాణి అనుకుంటారు. తాబేళ్లు, బల్లులు, పాముల పేగుల్లో సాల్మొనెల్లా బాక్టీరియా మామూలుగానే ఉంటుంది. వాటికి ఏ జబ్బూ చేయదు. మలంలో అప్పుడప్పుడు బయటికి వస్తుంది కాబట్టి ఒకసారి పరీక్ష చేయించి "లేదు" అని తేలినా భరోసా లేదు. డిప్ప మీద, టబ్బు నీళ్లలో, టబ్బు కడిగిన సింకులో ఉంటుంది. పిల్లలు తాబేలు పిల్లను ముద్దు పెట్టుకోవడం, నోటి దగ్గర పెట్టుకోవడం వల్ల జబ్బు పడుతుంటే అమెరికాలో 1975లోనే 4 అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. మన దగ్గర షాపులో అమ్మేది ఎప్పుడూ ఆ సైజే.

జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి. పెద్ద పిల్లలు చాలావరకు తేరుకుంటారు. ఐదేళ్లలోపు పిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అది రక్తంలోకి పాకితే పరిస్థితి చేయి దాటుతుంది. ఇంట్లో చంటిపిల్ల ఉంటే ఈ తాబేలు ఉండకపోవడమే మేలని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు చెప్తాను.

స్కూలు విషయానికొస్తే, మన పిల్లలు చేత్తో అన్నం కలుపుకుని తింటారు. తాబేలు చేతులు మారిన గంటకు లంచ్ బెల్ కొడతారు. నలభై మంది, రెండు కుళాయిలు, ఒక సబ్బు ముక్క. శానిటైజర్ రాస్తే సరిపోతుందని అనుకోవద్దు, సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. టీచర్ నలభై జతల చేతులను గమనించగలరా? అది మీకే వదిలేస్తున్నాను.

మామునూరు వెటర్నరీ, మంగళవారం సాయంత్రం 6:50

మామునూరు పశువైద్య కళాశాల విద్యార్థిని. పిల్లల వైపు నుంచి అందరూ చెప్పారు, నేను ఆ జీవి వైపు నుంచి చెప్తాను.

సరీసృపాలు భయపడితే కుక్కలా అరవవు, పిల్లిలా రక్కవు. చాలాసార్లు కదలకుండా ఉండిపోతాయి. చూసేవాళ్లు "ఎంత బుద్ధిగా ఉందో" అంటారు. బాల్ పైథాన్‌కు ఆ పేరే అందుకు వచ్చింది. బెదిరితే ఉండలా చుట్టుకుని తలను మధ్యలో దాచుకుంటుంది. క్లాసులో పెట్టె చుట్టూ పిల్లలు మూగి అద్దం మీద వేళ్లతో కొడుతుంటే అది చేసేది అదే. పిల్లలు మాత్రం నిద్రపోతోందని అనుకుని వెళ్తారు. పాముకు చెవి రంధ్రాలు లేకపోయినా నేల అదురు, బల్ల అదురు దవడ ఎముకల ద్వారా బాగా తెలుస్తుంది. నలభై మంది బెంచీలు జరిపే గది దానికి ఎలా ఉంటుందో ఊహించండి. ఆ తర్వాత కొన్ని వారాలు తిండి మానేసిన పాములు ఉంటాయి.

తాబేలుకు డిప్ప ఇల్లు లాంటిది, తట్టినా తెలియదు అనుకుంటారు. డిప్ప అంటే దాని పక్కటెముకలు, వెన్నెముక కలిసిపోయి ఏర్పడిన భాగం. అందులో నరాలు ఉంటాయి, గోకితే తెలుస్తుంది, దెబ్బ తగిలితే నొప్పి పుడుతుంది. పైగా వాటికి సొంతంగా ఒంటి వేడి ఉండదు. మన ఎండల్లో ఆటోలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తీసుకెళ్తే నీడలోకి జరిగే వీలు లేక లోపలే ఉడికిపోతుంది.

ఓరుగల్లు పైథాన్ అన్నా, మీరు కాగితాలు చేయించడం, తాకనివ్వననడం నాకు నచ్చింది. కానీ ప్రయాణం, గోల, కొత్త వాసనలు... ఇవి మీ చేతుల్లో ఉండవు.

పరకాల పత్తిరైతు, మంగళవారం రాత్రి 9:10

నేను చదువుకున్నది తక్కువ, అయినా ఒక మాట చెప్పాలి. మీరంతా పట్నం పిల్లల గురించి మాట్లాడుతున్నారు. ఆ పిల్లలు సెలవులకు అమ్మమ్మ ఊరికి రారా? మా అన్న కొడుకును నిద్రలో కట్లపాము కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు, గాటు కూడా సరిగా కనిపించలేదు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నాడు, తర్వాత కనురెప్పలు వాలిపోయాయి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద పెట్టి బతికించారు. నేల మీద చాప వేసుకుని పడుకునే ఇళ్లు మావి.

పత్తి చేలో రక్తపింజర కనిపించడం మాకు కొత్త కాదు. బొద్దుగా, ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, చుట్టచుట్టుకుని ఉంటుంది. కాజీపేట అన్న పెట్టెలో ఉన్న పాము ఎలా ఉంటుందో ఫొటో చూశాను. అదీ బొద్దుగానే ఉంది, మచ్చలే ఉన్నాయి, చుట్టచుట్టుకునే ఉంది. ఒక పిల్లవాడికి స్కూల్లో అది మంచి పాము, ఏమీ చేయదు అని చెప్తే, వాడు మా చేలో దీన్ని చూసి ఏమనుకుంటాడు?

ములుగు బయాలజీ టీచర్, మంగళవారం రాత్రి 10:30

అన్నా, ఈ చర్చలో అసలు విషయం మీరే చెప్పారు. మన ప్రాంతంలో పెద్దవాళ్లే రక్తపింజరను చూసి కొండచిలువ పిల్ల అనుకుని దగ్గరికి వెళ్లి కాటు తిన్న సంఘటనలు ఉన్నాయి. రక్తపింజర వీపు మీద గొలుసులా మూడు వరుసల మచ్చలుంటాయి, కోపం వస్తే ప్రెషర్ కుక్కర్ విజిల్‌లా బుసకొడుతుంది. ఇవి నాకు తెలుసు. కానీ తొమ్మిదేళ్ల పిల్లవాడు సాయంత్రం మసక వెలుతురులో మచ్చల వరుసలు లెక్కపెట్టాలా?

కట్లపాము కూడా అంతే. దాన్ని పోలిన విషం లేని పాములు ఉన్నాయి. వాటికి తెల్లని పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి, కట్లపాముకు అందుకు విరుద్ధం. వినడానికి తేలిక. ఫొటో చూసి గుర్తుపట్టమంటే మా డిగ్రీ క్లాసులోనే సగం మంది తప్పు చెప్పారు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సుమారు 58 వేల మంది. ఎక్కువ మంది పల్లెల వాళ్లే. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, 2030 నాటికి మరణాలు సగానికి తగ్గించాలని. ఇలాంటి దేశంలో, అందునా ఇలాంటి జిల్లాల్లో, పామును పిల్లల చేతికి దగ్గర చేసే పాఠం వద్దు. చంపొద్దు అని చెప్పాలి, తాకొద్దు అని అంతే గట్టిగా చెప్పాలి. అద్దాల పెట్టెలో ఉన్న పాము మొదటి మాట బాగానే నేర్పుతుంది. రెండో మాట నేర్పదు. ఆ ఆఫ్రికా పామును చూసిన పిల్లవాడికి మన చేలో ఉన్న పాము గురించి ఒక్క ముక్క కూడా తెలియదు.

ఓరుగల్లు పైథాన్, బుధవారం ఉదయం 7:45

పత్తిరైతు అన్నా, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా ఆలోచించాను. భయం పోగొట్టడం గురించి నేను చెప్పినదానికి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను, కానీ అది నా పాముతో జరగాల్సిన పని కాదేమో. మేడం, చెప్పండి, నేను ఏ విధంగా ఉపయోగపడగలను? దాని కుబుసం నా దగ్గర ఉంది, తల నుంచి తోక దాకా చిరగకుండా ఊడింది.

ములుగు బయాలజీ టీచర్, బుధవారం సాయంత్రం 5:20

అది చాలా గొప్ప వస్తువు తమ్ముడూ! నమోదైన మీ సొంత పాముది కాబట్టి చట్టం ఇబ్బంది కూడా ఉండదు. పారదర్శకమైన కవరులో పెట్టి నాలుగు వైపులా సీల్ చేసి ఇవ్వండి, చేతులు తగలవు. పిల్లలకు భూతద్దం ఇచ్చి తల దగ్గర చూడమనండి. కంటి చోట చిన్న గుండ్రటి పొర కనిపిస్తుంది, గాజులా ఉంటుంది. పాముకు రెప్పలు లేవు, కంటి మీద ఈ పొరే ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడిపోతుంది. పై పెదవి పొలుసుల్లో చిన్న గుంటలు కూడా కనిపిస్తాయి. వాటితోనే పైథాన్ చీకట్లో ఎలుక ఒంటి వేడిని పసిగడుతుంది. కడుపు వైపు పొలుసులు వెడల్పుగా, వీపు వైపు చిన్నగా ఉంటాయి. ఎందుకలా అని అడగండి, జవాబు మాత్రం మీరు చెప్పకండి.

వడ్డేపల్లి సార్, ప్రాణంతో ఉన్న సరీసృపం కావాలంటే మీ ఇంట్లోనే ఉంది. రాత్రి ట్యూబ్‌లైట్ వేసి, కిటికీ అద్దం మీదికి బల్లి వచ్చాక మీరు ఇంకో వైపు నుంచి చూడండి. కాళ్ల వేళ్ల కింద అడ్డంగా మడతలు కనిపిస్తాయి. ఆ మడతల నిండా కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది, అద్దానికి పట్టుకునేది అదే. ఆడబల్లి అయితే, గుడ్లు పెట్టే ముందు పొట్ట చర్మంలోంచి రెండు తెల్లని గుండ్రాలు కనిపిస్తాయి. మీ బాబు దాన్ని ముట్టుకోకుండా, పట్టుకోకుండా వరుసగా కొన్ని రాత్రులు చూసి బొమ్మ గీసి తీసుకెళ్తే, అంతకన్నా మంచి షో అండ్ టెల్ ఉండదు. బల్లి మీద పడితే ఏమవుతుందో పంచాంగంలో వెతికే ఇళ్లు ఇంకా ఉన్నాయి, బల్లి విషం అనేవాళ్లూ ఉన్నారు. మన ఇంటి బల్లికి విషం లేదు. డాక్టర్ గారు చెప్పిన సాల్మొనెల్లా మాత్రం దాని రెట్టలో ఉండొచ్చు, అందుకే అన్నం మీద మూత పెట్టాలి.

క్లాసు మొత్తాన్ని తీసుకెళ్లాలంటే హంటర్ రోడ్డులోని వన విజ్ఞాన కేంద్రం (జూ పార్కు) ఉంది. ఇప్పుడు ఏ సరీసృపాలు చూడొచ్చో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. మొసళ్ల మీద ఆసక్తి ఉంటే గోదావరి ఒడ్డున శివారం అభయారణ్యం మన ఉత్తర తెలంగాణలోనే ఉంది, మగ్గర్ మొసళ్ల కోసం ప్రకటించినది. గుడ్లు పొదిగే ఇసుక వేడిని బట్టి మొసలి పిల్ల ఆడదా మగదా అన్నది తేలుతుందని చెప్తే పిల్లలు వదిలిపెట్టరు, ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు.

వడ్డేపల్లి వాసి, గురువారం రాత్రి 9:55

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ ప్రింట్ తీసి టీచర్‌కు ఇచ్చాను. ఆవిడ ప్రాణమున్నవి వద్దు, ఫొటోలు, బొమ్మలు, కుబుసం చాలు అని గ్రూపులో పెట్టారు. నక్షత్ర తాబేలు వాళ్లు రేపు రేంజ్ ఆఫీసుకు వెళ్తున్నారు. మా వాడు మొదట అలిగాడు. బల్లి పొట్టలో గుడ్లు కనిపించేసరికి మా ఆవిడను కూడా కిటికీ దగ్గరికి లాక్కొచ్చాడు.

ఇప్పుడు మా తాబేలు సంగతి. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. డాక్టర్ గారు రాసింది చదివాక ఉంచుకోవాలని లేదు. మా నాన్నగారు భద్రకాళి చెరువులో వదిలితే పుణ్యం అంటున్నారు. వదలొచ్చా?

మామునూరు వెటర్నరీ, గురువారం రాత్రి 10:20

దయచేసి వద్దు సార్. భద్రకాళి చెరువులో వద్దు, వడ్డేపల్లి చెరువులో వద్దు, గుడి కోనేరులో కూడా వద్దు. ఇది అమెరికాలో మిసిసిపి నది ప్రాంతపు జీవి. ప్రపంచంలో అతి ఎక్కువ హాని చేసే 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. షాపులో అరచేతిలో పట్టేది పెరిగి దాదాపు అడుగు పొడవు అవుతుంది, 20, 30 ఏళ్లు బతుకుతుంది. చేపపిల్లలు, కప్పలు, నీటి మొక్కలు ఏదైనా తింటుంది. ఎండ కాచుకునే రాళ్ల మీది నుంచి మన తాబేళ్లను తోసేస్తుంది. తాతగారికి ఇలా చెప్పి చూడండి: ఒక్కదాన్ని వదిలిన పుణ్యం కోసం చెరువులో ఉన్నవాటి నోటికాడి కూడు తీసినట్టవుతుంది.

పాప చేతికి అందని గదిలో, మూత ఉన్న పెద్ద ట్యాంకులో ఉంచండి. నీళ్లు వంటింటి సింకులో పోయకండి, బాత్రూంలో పోసి కడగండి. పాప అటు వెళ్లకుండా చూడలేమనిపిస్తే, చిన్నపిల్లలు లేని ఇంట్లో, ఏళ్ల తరబడి చూసుకోగలిగినవాళ్లకు ఇవ్వండి. కాలేజీలో మా సీనియర్లను కూడా అడుగుతాను.

ఓరుగల్లు పైథాన్, గురువారం రాత్రి 10:45

నాకు ఇవ్వండి సార్. ట్యాంకు, ఎండ దీపం, ఫిల్టర్ అన్నీ ఉన్నాయి, ఇంట్లో పిల్లలు లేరు. ఆదివారం వస్తాను, అప్పుడే కుబుసం వెనక్కి తీసుకుంటాను. బాబుకు ఎప్పుడు చూడాలనిపించినా ఫోన్ చేసి రావచ్చు.

పరకాల పత్తిరైతు, శుక్రవారం ఉదయం 5:50

టీచర్ మేడం, ఒక మనవి. పట్నం స్కూలుకు ఇంత చెప్పారు, మా ఊరి స్కూలుకు ఒకసారి రాగలరా? పిల్లలతో పాటు తల్లులను కూడా పిలుస్తాం. కరిస్తే కట్టు కట్టాలా, కోసి రక్తం తీయాలా అని ఇప్పటికీ కొట్లాడుకుంటారు.

ములుగు బయాలజీ టీచర్, శుక్రవారం ఉదయం 7:10

తప్పకుండా వస్తాను అన్నా. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు కోసం తిరుగుతూ టైమ్ పోగొట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, పాముకాటు మందు ఉన్న ఆస్పత్రికి నేరుగా తీసుకెళ్లాలి. మన దేశంలో తయారయ్యే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేస్తుంది, కాబట్టి పామును వెతికి చంపి వెంట తీసుకెళ్లాల్సిన పని లేదు. రాత్రి బయటికి వెళ్తే టార్చి, కాళ్లకు చెప్పులు. నేల మీద పడుకుంటే దోమతెర అంచులు చాప కిందికి దోపాలి. ఇవన్నీ పిల్లల చేతే చేయించి చూపిస్తాను.

పరకాల పత్తిరైతు, శుక్రవారం మధ్యాహ్నం 1:15

హెడ్మాస్టర్ సార్‌తో మాట్లాడాను. వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం అయితే పత్తి ఏరే ఆడవాళ్లు కూడా వస్తారు. ప్రొజెక్టర్ లేదు మేడం, నాలుగు పాముల ఫొటోలు పెద్ద సైజులో ప్రింట్ తీసుకురండి. దోమతెర, చాప మా ఇంటి నుంచి తెస్తాను.